సారెలో వచ్చిన మొగలి

కడియం నర్సరీలకు మొక్కలు కొనడానికి వెళ్ళినవాళ్ళు మామూలుగా ధర అడుగుతారు, లేకపోతే ఎండకు తట్టుకుంటుందా అని అడుగుతారు. మా రత్నం పిన్ని మాత్రం మోకాలికి పట్టీ కట్టుకుని, నా భుజం ఆసరాగా పట్టుకుని ఆ కుండీల వరసల మధ్య నడుస్తూ, అంచంతా ముళ్ళున్న ఒక మొక్క దగ్గర ఆగి, "ఇది మగదా, ఆడదా అండి?" అని అడిగింది. నర్సరీ ఆయన నవ్వేశాడు. "మొక్కల్లో మగా ఆడా ఏంటండి మామ్మగారూ! ఇది పాండానస్ అండి. ఇళ్ళ ముందు లాండ్‌స్కేపింగ్‌కి బాగా తీసుకెళ్తున్నారు. ఏడాది పొడుగునా పచ్చగా ఉంటుంది" అన్నాడు. పిన్ని నవ్వలేదు. "ఇది మొగలి అండి. మగదైతే పువ్వు, ఆడదైతే కాయ. తెలియకుండా నాటుకుంటే ఏమవుతుందో నాకు తెలుసు" అని ముందుకు నడిచింది.

మేం వెళ్ళిన పని కూడా చెప్పాలి. పాలకొల్లు దగ్గర మా ఊరి చుట్టూ రొయ్యల చెరువులు వచ్చాక మా పాత ఇంటి పెరటి నేల ఉప్పుదేలింది. జాజి, మందారం, నందివర్ధనం ఒకదాని వెనక ఒకటి ఎండిపోయాయి. ఆ ఇంట్లో ఇప్పుడు పిన్ని, ఆవిడ కొడుకు, కోడలు ఉంటున్నారు. ఆ కొడుకే, రొయ్యల చెరువులు చేసే మా తమ్ముడు, ఇల్లు బాగుచేయించి, "అమ్మా, ఈ ఉప్పునేలలో బతికే పచ్చటి మొక్కలేవో నువ్వే చూసుకో" అన్నాడు. ఆ పెరట్లో ఏ ఉప్పుకీ జంకకుండా నిలబడ్డది మొగలి ఒక్కటే. ముందు వైపు కూడా అదే వేద్దామని పిన్ని ఆశ. పెరటి పొదలు ఒకదాన్నొకటి అల్లుకుపోయి, ఏ పిలక మగదో తెలియక నర్సరీకి వచ్చాం. మగో ఆడో చెప్పగలిగినవాళ్ళు దొరక్క వట్టి చేతులతో తిరిగొచ్చాం. కారులో పిన్ని నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. నాకు మాత్రం ఆ మొగలి మా ఇంటికి వచ్చిన రోజు నుంచి అన్నీ గుర్తుకురావడం మొదలుపెట్టాయి.

అప్పట్లో ఆ ఇల్లు, పెరడు, మనుషులు, గేదెలు, అన్నీ నాయనమ్మ చేతికిందే ఉండేవి. తాతయ్య నేను పుట్టకముందే పోయాడు. మా నాన్న, సూరిబాబు బాబాయి ఇద్దరూ మీసాలున్న మగవాళ్ళే గానీ, నాయనమ్మ "ఒరేయ్" అంటే చెప్పులు వదిలేసి లోపలికి వచ్చేవాళ్ళు. పొద్దున్నే వంటింటి వెనక దాలిలో పిడకలు రాజేసి పాలకుండ పెట్టేది. ఆ సన్నటి సెగ మీద పాలు మధ్యాహ్నం దాకా కాగి, ఎర్రబడి, పైన రొట్టెలా మీగడ కట్టేవి. పిడకల పొగ, మీగడ కమ్మదనం కలిసిన ఆ వాసనే నాకు నాయనమ్మ వాసన. ఆవిడ దగ్గరికి వెళ్ళి కూర్చున్నా అదే వచ్చేది, ఆవిడ చీర ఆరేసిన దండెం కింద నిలబడినా అదే వచ్చేది. పెరట్లో ప్రతి మొక్కా తను నాటిందే. సోమవారం సోమవారం నందివర్ధనాలు సజ్జ నిండా కోసుకుని, పాలకొల్లు క్షీరారామలింగేశ్వరుడి గుడికి వెళ్ళేది. ఆ పూలు మా అమ్మ కూడా అడగకుండా కోసేది కాదు.

అలాంటి ఇంటికి బాబాయి పెళ్ళయి పిన్ని కాపురానికి వచ్చింది. వాళ్ళది మొగల్తూరు అవతల, సముద్రానికి దగ్గరగా ఉన్న చిన్న పల్లె. సారె వచ్చిన రోజు ఊళ్ళో ఆడవాళ్ళంతా మా వసారాలో చేరారు. అరిసెలు, సున్నుండలు, కజ్జికాయలు, పంచదార చిలకలు బిందెల్లోంచి పళ్ళాల్లోకి తీస్తున్నారు. అన్నిటికన్నా చివర ఒక తడి గోనెసంచి మూట వచ్చింది. నాయనమ్మ ఆత్రంగా ముడి విప్పబోయి "అబ్బా!" అని చెయ్యి వెనక్కి లాక్కుంది. వేలి చివర రక్తం చుక్క. మూటలో మొగలి పిలక. వచ్చినవాళ్ళలో ఎవరో కిసుక్కున నవ్వి, "మీ వియ్యపురాలు సారెలో ముళ్ళు పంపిందేంటమ్మా!" అన్నారు. ఆ మాట మిగతావాళ్ళ నవ్వుల్లో పడి పెద్దదైపోయింది.

పిన్ని గది గుమ్మంలోంచి తల వంచుకుని, "మా అమ్మ పంపలేదండి. నేనే అడిగి తెచ్చుకున్నానండి, అత్తయ్యగారూ" అంది. అత్తవారింట్లో ఆవిడ గొంతు విప్పి అన్న మొదటి మాట అదే.

"శివుడి ముందు అబద్ధపు సాక్ష్యం చెప్పి శాపం తిన్న పువ్వు. పూజకి పనికిరాదు. పైగా పొదలో పాములు చేరతాయి. ఇది నా పెరట్లో పెడతానంటావా?" అంది నాయనమ్మ. అందరూ వెళ్ళిపోయాక బాబాయి ఎటూ చెప్పలేక, ఎవరికీ కనబడకుండా ఆ పిలకని పెరటి చివర, గడ్డిమేటు అవతల, పొలానికి నీళ్ళు వెళ్ళే బోదె గట్టు మీద పాతేసి వచ్చాడు. నాయనమ్మకి తెలుసు. తెలియనట్టు ఊరుకుంది. కానీ ఆ రోజు తర్వాత వియ్యాలవారి గుమ్మం తొక్కలేదు. పెళ్ళిళ్ళకి పిలిచినా, గృహప్రవేశానికి పిలిచినా, నడుం నొప్పి అనేది.

నేను అప్పుడు చిన్నపిల్లని. పిన్నికి ఆ ఇంట్లో మొట్టమొదట దొరికిన స్నేహితురాలిని నేనే అనుకుంటాను. నన్ను "బుల్లీ" అని పిలిచేది. మధ్యాహ్నం భోజనాలయ్యాక అంట్ల గిన్నెలు బోదె దగ్గరికి తెచ్చుకునేది. కొబ్బరిపీచుతో గిన్నె తోముతూ, మధ్యలో ఆగి, అరిచేత్తో నీళ్ళు తీసి మొగలి మొదట్లో పోసేది. తోమడం అయ్యాక నన్ను ముందు కూర్చోబెట్టుకుని తల దువ్వేది. వాళ్ళ ఊరి కబుర్లన్నీ అప్పుడు చెప్పేది. వాళ్ళ ఇంటి చుట్టూ గోడ ఉండదట, మొగలి పొదలే గోడట. వానాకాలంలో పూస్తుందట. "పువ్వు విచ్చిన పొద్దున్న వాసన ముందు వచ్చేస్తుందే బుల్లీ. పువ్వెక్కడుందో తర్వాత వెతుక్కోవాలి. మా నాన్న కొక్కెంకర్రతో వంచి కోసి ఇచ్చేవాడు. లేత రేకులు జడలోకి, ముదురువి చీరల పెట్టెలోకి. మళ్ళీ ఏడాది దాకా చీర మడత విప్పితే అదే వాసన." చెబుతూ చెబుతూ దువ్వెన ఆపేసేది. "దీనికి పూసినప్పుడు నీకు మొగలిరేకుల జడ వేస్తాలే" అని మళ్ళీ దువ్వేది. ఆ జడ కోసం నేను ఎన్ని వానాకాలాలు చూశానో!

మొక్క మాత్రం ఎవరి ఇష్టాయిష్టాలతోనూ పనిలేకుండా పెరిగింది. మొదట్లో కత్తుల కట్టలా ఉండేది. తర్వాత కాండం కాస్త పైకి లేచి, పక్కలనుంచి ఊడలు దింపి, గట్టులోకి కాళ్ళు తన్నిపెట్టి నిలబడింది. ఎండాకాలంలో బోదె ఎండిపోయినా, తుఫానుకి ఇంటిముందు కొబ్బరిమట్టలు ఊడిపడినా, అది ఆకు రాల్చేది కాదు. నాయనమ్మ దాన్ని తీయించాలని పాలేళ్ళకి చెప్పినప్పుడల్లా, వాళ్ళు ఆ ముళ్ళు చూసి, "రేపు చూద్దామండి" అనేవాళ్ళు.

పిన్ని తొలికాన్పుకి పుట్టింటికి వెళ్ళినప్పుడు నాయనమ్మ ఇక ఆగలేదు. తనే కత్తి పట్టుకుని, చీర కుచ్చెళ్ళు ఎగదోపి, బోదె వైపు నడిచింది. నేను వెనకే పరిగెత్తాను. "వద్దు నాయనమ్మా, పిన్ని వచ్చాక అడిగి కొట్టొచ్చు" అంటున్నా వినలేదు. కర్రతో కింది ఆకులు పైకెత్తిందో లేదో, లోపల్నుంచి బుస్సుమంది. నాయనమ్మ రెండంగల్లో నా పక్కకి వచ్చేసింది. "చెప్పానా! పాము చేరుతుందని మొదట్నుంచీ మొత్తుకుంటున్నానా!" అంది, భయంతో పాటు తన మాట నెగ్గిన సంతోషం కూడా ఉంది ఆ గొంతులో. నేను వంగి చూశాను. ఆకుల చీకట్లో ఎర్రటి జుట్టు, గుండ్రటి కన్ను, ఒళ్ళంతా ఉబ్బించుకుని మా మీదికి కోపంగా చూస్తున్న పొడల కోడిపెట్ట. ముంగిస ఎత్తుకుపోయిందని నాయనమ్మ బాధపడి, ఎదురింటివాళ్ళ కుక్క మీద కూడా అనుమానపడి, రెండు పూటలు వాళ్ళతో మాట్లాడ్డం మానేసిన కోడి అది. ఆ ముళ్ళ మధ్య ఏ పిల్లీ ఏ ముంగిసా చొరబడలేని చోట గుడ్ల మీద పొదుగుకి కూర్చుంది.

"ఓసి నీ దుంపతెగ!" అంది నాయనమ్మ. కాసేపు అక్కడే నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "సరే, పిల్లలు లేచేదాకా ఎవరూ ఇటు రాకండి" అని కత్తి నాకిచ్చి వెళ్ళి, చేటెడు నూకలు తెచ్చి పొద ముందు చల్లింది.

కోడిపిల్లలు లేచాయి. పిన్ని ఆడపిల్లనెత్తుకుని వచ్చింది. ఆ తర్వాత నాయనమ్మకి మనవరాలికి నలుగు పెట్టడం, లాలపోయడం తప్ప ఇంకోటి పట్టలేదు. మొగలి మాట వస్తే మాత్రం, "ఈ పిల్ల పాకేనాటికి తీసెయ్యాలి" అనేది. పాకింది. "నడిచేనాటికి" అంది. నడిచింది. పిన్నికి రెండోవాడు, ఇప్పటి మా రొయ్యల తమ్ముడు, పుట్టాడు. మొగలి అక్కడే ఉంది.

ఒక శ్రావణమాసంలో ఆకుల మధ్య ఏదో ఉబ్బెత్తుగా కనబడింది. మొదట చూసింది నేనే. అరుచుకుంటూ ఇంట్లోకి వచ్చాను. పిన్ని పిండి చేతులతోనే పరిగెత్తుకొచ్చింది. మా అమ్మ వచ్చింది, బాబాయి వచ్చాడు. ఇంకా విచ్చలేదు, ఏమీ తెలియడం లేదు. ఆ తర్వాత రోజూ పొద్దున్నే నేను మొహం కడుక్కోకుండా గట్టు మీదికి వెళ్ళి ముక్కు ఎగబీల్చేదాన్ని. తడిమట్టి వాసన, గడ్డిమేటు ముక్కవాసన, దాలి పొగ. అంతే. ఒకరోజు నాకంటే ముందు నాయనమ్మ అక్కడ నిలబడి ఉంది. నన్ను చూసి, "కోడి మళ్ళీ దూరిందేమోనని" అని గొణిగి వెళ్ళిపోయింది.

చివరికి అది బయటపడింది. పువ్వు కాదు. పచ్చగా, గరుగ్గా, బుడిపెలు బుడిపెలుగా, అనాసకాయ లాంటి ఉండ. పిన్ని దాని వంక చూసి, "ఆడదే ఇది, బుల్లీ" అని గట్టు మీద కూలబడిపోయింది. మొగలి పొదల మధ్య పుట్టి పెరిగిన మనిషికి ఎవరూ వివరించి చెప్పక్కర్లేదు. కాపురానికి వచ్చిన నాటినుంచి పిన్ని ఆ ఇంట్లో కన్నీరు పెట్టడం ఎవరం చూడలేదు. వాళ్ళ నాన్న పోయినప్పుడు కూడా అక్కడికెళ్ళే ఏడ్చి వచ్చింది. అలాంటిది ఆ పూట చీర చెంగు నోట్లో కుక్కుకుని వెక్కివెక్కి ఏడ్చింది. మా అమ్మకి ఏం చెయ్యాలో తోచలేదు. దాలి దగ్గర్నుంచి నాయనమ్మ వచ్చింది.

"ఏమైందే?"

"ఆడ మొక్కండి అత్తయ్యగారూ. ఇది పువ్వు పుయ్యదండి."

ఇక దాన్ని నరికించడానికి నాయనమ్మకి ఇంతకంటే సాకు అక్కర్లేదని మేమంతా అనుకున్నాం. ఆవిడ ఆ కాయ వంకా, పిన్ని వంకా మార్చి మార్చి చూసింది. "ఆడదైతే మాత్రం ఏడవడం ఎందుకు? ఆడది పనికిమాలిందా? లే. మొహం కడుక్కో. పిల్లలు బెంగపడతారు" అంది. ఆ గొంతులో కోపం లేదు. మీగడ తీసేటప్పుడు పాలకుండతో మాట్లాడుకునే గొంతు అది.

మర్నాడు నేను నిద్ర లేచేసరికి నాయనమ్మ జరీ అంచు చీర కట్టుకుని కూర్చుని ఉంది. "బుల్లీ, జడ వేసుకో. ఊరెళ్ళాలి. బస్సు బోర్డులు నువ్వు చదవాలి" అంది. ఎక్కడికో చెప్పలేదు. పాలకొల్లులో బస్సెక్కి నరసాపురంలో దిగి మొగల్తూరు బస్సెక్కమన్నప్పుడు గానీ నాకర్థం కాలేదు. దిగిన చోటు నుంచి ఇసక దారి. దారికి రెండువైపులా మొగలి పొదలు, నిండా పూసి ఉన్నాయి. పిన్ని చెప్పింది నిజమే. వాసన ముందు వచ్చింది. తియ్యగా, ఘాటుగా, గొంతులోకి దిగిపోయేలా ఉంది. నాయనమ్మ నడక తగ్గించింది.

పిన్ని వాళ్ళమ్మ వాకిట్లో బియ్యం చెరుగుతోంది. మమ్మల్ని చూసి చేట కింద పెట్టేసి లేచింది. మొహంలో రంగు మారిపోయింది. "వదినగారూ! మీరేంటి... రత్నం బావుందా అండి? పిల్లలు బావున్నారా?"

"అందరూ బావున్నారు. మీరు పంపిన మొక్కే బాలేదు" అంది నాయనమ్మ.

ఆవిడకి సంగతంతా తెలిసేసరికి కాళ్ళకి నీళ్ళివ్వడం, మజ్జిగ ఇవ్వడం అయ్యాయి. "ఆ రోజు హడావిడిలో ఏ పొద మొదట్లోది తవ్వానో చూసుకోలేదండి వదినగారూ. పిల్ల బెంగగా అడిగింది, చేతికందింది కట్టేశాను. మీకది అవమానమవుతుందని నా బుర్రకి తోచలేదు. ఇన్నాళ్ళూ అదే కుములుతున్నాను" అని ఆవిడ కళ్ళొత్తుకుంది.

నాయనమ్మ క్షమాపణలు చెప్పే మనిషి కాదు, తీసుకోవడం కూడా తెలియదు. "పోనిద్దురూ. ఈసారి మగది చూసి మరీ ఇవ్వండి. నా కోడలు ఇంకోసారి అలా ఏడిస్తే నేను చూడలేను" అంది. ఆ మాట విని ఆవిడ మరింత ఏడ్చింది. ఆ మధ్యాహ్నం నాయనమ్మ వాళ్ళింట్లో చేపల పులుసుతో అన్నం తిని, అడిగి మరీ ఇంకో గరిటె వేయించుకుంది.

తిరుగు ప్రయాణంలో తడి గోనెలో చుట్టిన పిలకని ఎవరికీ ఇవ్వకుండా ఒళ్ళోనే పెట్టుకుంది. ముళ్ళు గోనెలోంచి పొడుచుకొచ్చి జరీ అంచు పట్టుకుని చీరాయి. కండక్టరు, "ఏంటమ్మా ఈ ముళ్ళకంప! పక్కవాళ్ళకి గుచ్చుకోదా?" అని కసిరాడు. "కంపేంటయ్యా! మా వియ్యాలవారింటి కుర్రాడు. కావలిస్తే వాడికీ టికెట్ కొట్టు" అంది నాయనమ్మ. బస్సంతా నవ్వింది.

ఇంటికి వచ్చి పిలకని ఆడమొక్క పక్కనే పాతించి, మొదటి చెంబు నీళ్ళు తనే పోసింది. తర్వాత అరిటాకులో చుట్టి తెచ్చిన పువ్వు తీసింది. పిన్నిని పీట మీద కూర్చోమంది. పిన్ని బెదురుతూ కూర్చుంది. నాయనమ్మ ఇంట్లో ఎవరి తలా దువ్వగా నేనెన్నడూ చూడలేదు. రేకులకి ముళ్ళ అంచు గోటితో తీసేసి, చిన్న చిన్న మడతలు పెట్టి, సూదీ దారం పట్టుకుని, పైనుంచి కింది దాకా ఒకదాని మీద ఒకటి వరసగా జడకి కుట్టేసింది. ఎక్కడా తడుముకోలేదు.

"మీకిది ఎలా వచ్చండి, అత్తయ్యగారూ?" అంది పిన్ని, తల తిప్పకుండా.

"నేను మాత్రం ఆకాశంలోంచి ఊడిపడ్డాననుకున్నావా? కదలకు" అంది నాయనమ్మ.

పువ్వు మధ్యలో మిగిలిన లేత రేకులతో పిన్ని నాకు కూడా జడ వేసింది. మా వీధంతా ఆ సాయంత్రం ఏదో ఒక వంకతో మా ఇంటికి వచ్చి వెళ్ళారు.

మగ మొక్క పూసేనాటికి నేను పెళ్ళయి రాజమండ్రి వచ్చేశాను. చూడ్డానికి వెళ్ళినప్పుడు నాయనమ్మ మంచం పట్టి ఉంది. ఆవిడ దిండు పక్కన మొగలిరేకు. "ఈ వాసనకి తలనొప్పి వస్తోందే" అని రోజంతా సణుగుతోంది. పిన్ని వచ్చి, "తీసెయ్యమంటారా అండి?" అంది. "తియ్యమన్నానా? నొప్పి వస్తోందన్నాను" అంది నాయనమ్మ. పిన్ని ఆవిడ వెనక నిలబడి గట్టిగా నవ్వేసింది. ఆ ఇంట్లో పిన్ని అంత గట్టిగా నవ్వడానికి ఎన్నేళ్ళు పట్టిందో తలుచుకుంటే, ఆ రోజులే మేలు అనడానికి నాకు నోరు రాదు. నా కోడలు వచ్చిన వారంలోనే నా ఫ్రిజ్‌లో సామానంతా తీసి తనకి నచ్చినట్టు సర్దేసింది. నాకు ఒక్క క్షణం చురుక్కుమన్నా, లోపల సంతోషమే వేసింది. ఈ ఇల్లు నాది అనుకోవడానికి ఆ పిల్లకి ఎవరి అనుమతీ అక్కర్లేకపోయింది. మా బాల్కనీలో కుండీలు కూడా అంతే. పువ్వుతో సహా కొనుక్కొచ్చినవే. ఏ రంగు పూస్తుందో ముందే తెలుసు. బావుంటాయి. కానీ వాటి ముందు నిలబడి, పొద్దున్నే మొహం కడుక్కోకుండా, గాలి పీల్చి చూడాలనిపించదు.

మొన్న వానల్లో తమ్ముడు పనిమీద రాజమండ్రి వస్తూ, పిన్ని ఇచ్చిందని ఒక మొగలిపువ్వు తెచ్చాడు. కవర్లో పెట్టి లిఫ్టులో పైకి తెచ్చేసరికి అపార్ట్‌మెంటంతా వాసన అంటుకుంది. పక్కింటి అమ్మాయి తలుపు తీసి, "ఆంటీ, ఏం రూమ్ ఫ్రెషనర్ అండి ఇది?" అంది. పై అంతస్తు ఆవిడ వచ్చింది. అందరికీ తలా ఒక రేకు ఇస్తున్నాను. ఇంతలో కింది ఫ్లాటులో ఉండే పెద్దాయన, ఎవరితోనూ పెద్దగా మాట్లాడని మనిషి, చేతికర్ర ఆనుకుంటూ వచ్చి గుమ్మం అవతలే ఆగిపోయాడు.

"లోపలికి రండి" అన్నాను.

"వద్దండి. ఇక్కడ బావుంది" అన్నాడు. కాసేపు కళ్ళు మూసుకుని, "మా అమ్మ పెట్టె తెరిచినట్టుందండి" అన్నాడు. మిగిలిన పువ్వంతా ఆయన చేతిలో పెట్టేశాను.

సాయంత్రం పిన్ని ఫోన్ చేసింది. "పువ్వు అందిందా బుల్లీ? చీరల్లో పెట్టుకున్నావా?"

జరిగింది చెప్పాను.

"ఒక్క రేకైనా ఉంచుకోలేదా?"

"లేదు పిన్నీ."

"మంచి పని చేశావు" అంది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది. "ఇంతకీ ఆ పెద్దాయన వాళ్ళమ్మగారిది ఏ ఊరో అడిగావా?"